బెంజి చవకే... మరి దాన్ని పోషించడం?

మన చిన్నప్పుడు బెంజి కారంటే ఏ సినిమా నిర్మాతకో, పెద్ద కాంట్రాక్టరుకో ఉండేది. యూకే వచ్చాక అదే బెంజి ఆన్‌లైన్‌లో రెండు మూడు వేల పౌండ్లకు కనిపిస్తుంది. లెదర్ సీట్లు, నిగనిగలాడే నల్ల రంగు, ముందు ఆ నక్షత్రం. "కొత్త చిన్న కారు డౌన్ పేమెంటుకు బెంజి వచ్చేస్తోంది కదా!" అని ఇంట్లో మాట మొదలవుతుంది. కొని, పసుపు కుంకుమ పెట్టి, ఫోటో తీసి ఊళ్లో అమ్మానాన్నలకు పంపేవరకూ అంతా సంబరమే. ఆ తర్వాత రోజూ పిల్లల్ని ఎక్కించుకుని స్కూలుకు వెళ్లేది, ఎర్ర లైటు వెలిగితే వానలో రోడ్డు పక్కన నిలబడేది చాలా ఇళ్లలో మనమే. అందుకే కొనే ముందు నాలుగు ప్రశ్నలు మనమూ అడగాలి.

అసలు విషయం ఒక్కటే. కారు ధర తగ్గింది కానీ, రిపేరు ధర తగ్గలేదు. కొత్తలో 30,000 పౌండ్లు పలికిన కారుకు ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ స్థాయి స్పేర్ పార్టులే కావాలి. ఏనుగును కొనడం ఒక ఎత్తు, మేపడం ఒక ఎత్తు.

ఎక్కడెక్కడ దెబ్బతింటుంది?

ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికే మెర్సిడెస్ ఈ-క్లాస్‌నే తీసుకుందాం. 2002 నుంచి 2009 వరకు వచ్చిన మోడల్‌ను మెకానిక్కులు డబ్ల్యూ211 అంటారు. ఇందులో తరచూ వచ్చే ఇబ్బందులు ఇవి.

బ్రేకులు: 2006కు ముందు వచ్చిన కార్లలో సెన్సోట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ బ్రేక్ వ్యవస్థ ఉంది. 2004, 2005లలో కంపెనీయే వీటికోసం లక్షల కార్లను వెనక్కి పిలిచింది. 2006 మార్పుల్లో ఈ-క్లాస్ నుంచి దాన్ని తీసేసింది. బ్రేకులు ఎన్నిసార్లు వాడామో దాని యూనిట్ లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్క పూర్తయితే హెచ్చరిక వస్తుంది, యూనిట్ మార్చాలి. అది చిన్న ఖర్చు కాదు. ఈ కారును చూస్తుంటే ముందు అడగాల్సింది ఇదే.

ఎయిర్ సస్పెన్షన్: కొన్ని ఈ-క్లాస్ కార్లలో స్ప్రింగుల బదులు గాలి సంచులు ఉంటాయి. రాత్రి ఆపిన కారు పొద్దున్నే ఒక మూల కుంగి కనిపిస్తే ఎక్కడో గాలి కారుతోందని అర్థం. "నడుస్తోంది కదా" అని వదిలేస్తే, గాలి నింపే కంప్రెసర్ ఆగకుండా పనిచేసి అదీ కాలిపోతుంది. ఒక సంచితో పోయేది రెండు రిపేర్లవుతుంది. కాబట్టి కారును పొద్దున్నే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే వెళ్లి చూడండి.

గేర్‌బాక్స్: ఐదు గేర్ల ఆటోమేటిక్‌లో ఒక చిన్న కనెక్టర్ దగ్గర ఆయిల్ కారి, వైర్ల వెంట పాకి కంట్రోల్ యూనిట్ దాకా చేరుతుంది. ఆ కనెక్టర్ ఖరీదు కొద్ది పౌండ్లే. చూసుకోకపోతే పాడయ్యే యూనిట్ మాత్రం ఖరీదైనది.

ఇంజిన్: వీ6 డీజిల్‌లో ఆయిల్ కూలర్ సీళ్లు కారడం మామూలే. సీళ్లు చవక, కానీ అవి ఇంజిన్ మధ్యలో లోతుగా ఉంటాయి. పైనున్నవన్నీ విప్పితేగాని చేతికందవు. పది గంటల పని, గంటకు 75 పౌండ్లు అనుకుంటే లేబర్ 750, మీద 20 శాతం వ్యాట్ కలిపి 900. 2005-06 నాటి వీ6 పెట్రోల్ ఇంజిన్లలో కొన్నింటికి బ్యాలెన్స్ షాఫ్ట్ గేరు అరిగిపోతుంది. అది మార్చాలంటే ఇంజినే కిందికి దించాలి. అలాంటి బిల్లు కారు ధరనే దాటేస్తుంది.

ఇది ఒక్క బెంజికే కాదు. 2007 తర్వాత నాలుగైదేళ్లపాటు వచ్చిన రెండు లీటర్ల బీఎండబ్ల్యూ డీజిల్‌లో టైమింగ్ చైన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అది తెగితే ఇంజిన్ పోయినట్టే. స్టార్ట్ చేయగానే వెనకవైపు నుంచి గరగర శబ్దం వస్తే ఆ కారు వదిలేయండి.

స్కూల్ రన్‌కు పాత డీజిల్?

డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్. ఆ మసి కాలిపోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి, కాసేపు వేగంగా నడవాలి. రెండు మైళ్ల స్కూలుకు, మైలు దూరంలోని టెస్కోకు తిరిగితే అది మూసుకుపోతుంది. వారానికోసారి అరగంటైనా మోటర్‌వే ఎక్కే వీలు లేకపోతే పెట్రోలే నయం.

లండన్‌లో ఉంటే ఇంకో లెక్క ఉంది. 2023 ఆగస్టు 29 నుంచి యూలెజ్ అన్ని బరోలకూ వచ్చింది. 2015 సెప్టెంబరుకు ముందు రిజిస్టరైన డీజిల్ కార్లలో చాలావాటికి రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. ఇంగ్లండ్‌లో స్కూలు ఏడాదికి 190 రోజులు. అంటే ఒక్క స్కూల్ రన్‌కే 2,375 పౌండ్లు, దాదాపు కారు ధర! బర్మింగ్‌హామ్, బ్రిస్టల్ నగరాల మధ్య భాగాల్లోనూ ఇలాంటి చార్జీ ఉంది.

పెద్ద పెట్రోల్ ఇంజిన్ అయితే రోడ్ ట్యాక్స్ చూసుకోండి. 2006 మార్చి 23 తర్వాత రిజిస్టరై, కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకు 225 గ్రాములు దాటే కారుకు ఏడాదికి 700 పౌండ్ల పైనే పడుతుంది.

కొనే ముందు, గ్యారేజీలో

ముందుగా గవ్ డాట్ యూకేలో కారు నంబరు కొట్టి ఎంఓటీ చరిత్ర చూడండి. ఉచితం. ఏ ఏడు ఫెయిలైంది, ఎన్ని మైళ్లు తిరిగింది, "అడ్వైజరీ" కింద ఏం రాశారు, అన్నీ ఉంటాయి. తుప్పు, ఆయిల్ లీకు అంటూ ఏటా అదే మాట కనిపిస్తే పాత యజమాని ఖర్చు వాయిదా వేశాడని, అది మన నెత్తిన పడబోతోందని అర్థం. కారు మీద పాత లోను మిగిలి ఉందేమో హెచ్‌పీఐ లాంటి చెక్ చేయించండి.

డీలర్ దగ్గర కొంటే 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ చట్టం మనకు అండ. అమ్మేనాటికే లోపం ఉందని తేలితే 30 రోజుల్లోపు కారు తిప్పికొట్టి డబ్బు అడగవచ్చు. వ్యక్తుల దగ్గర కొంటే ఆ హక్కు లేదు. అందుకే తెలిసినాయన అమ్ముతున్నా మెకానిక్‌తో చూపించాకే డబ్బివ్వండి.

డీలర్‌షిప్ కన్నా ఆ బ్రాండునే చూసే సొంత గ్యారేజీల్లో గంట చార్జీ తక్కువ ఉంటుంది. అక్కడ మొహమాటపడకండి. అంచనా రాసిమ్మని అడగండి. "వ్యాట్ కలిపా?" అనండి. "నన్ను అడగకుండా అదనపు పని చేయవద్దు" అని ముందే చెప్పండి. మార్చిన పాత పార్టు చూపించమనండి. ఇవన్నీ అడగడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. మోటర్ ఓంబుడ్స్‌మన్‌లో సభ్యత్వమున్న గ్యారేజీ అయితే, తేడా వచ్చినప్పుడు ఫిర్యాదుకు దారి ఉంటుంది.

పాత బెంజి కొనకూడదని కాదు. సర్వీసు కాగితాలన్నీ ఉన్న మంచి కారు దొరికితే ఆ ప్రయాణ సుఖమే వేరు. కాకపోతే కారుకు 3,000 ఉంటే 2,000లో చూసి, మిగిలిన వెయ్యి రిపేర్లకు దాచండి. ఆ వెయ్యి దాచలేని స్థితిలో ఉంటే, ఒక్క పెద్ద బిల్లు వేసవికి ఇండియా టిక్కెట్ల డబ్బునే మింగేస్తుంది. అప్పుడు చిన్న టయోటానో హోండానో తీసుకోండి. ఫోటోలో అంత దర్జాగా ఉండకపోవచ్చు, కానీ అమ్మమ్మ ఇంటికి వెళ్లే టిక్కెట్లు మాత్రం భద్రంగా ఉంటాయి.