యాపచెట్టు కింద పాత సిపాయిలు

ఏటా నవంబరులో, శెనక్కాయ పీకుడు అయిపోయి కట్టె వాములకెక్కే రోజుల్లో, మా మండల కేంద్రంలో బ్యాంకు ముందరి యాపచెట్టు కింద ఒక చిన్న గుంపు కనబడుతుంది. అందరూ తలలు నెరిసినవాళ్లు. పంచె కట్టినవాళ్లే ఎక్కువ. పక్కన నిలబడితే మామూలు రైతు, కూలీ మాదిరిగానే వుంటారు. కాని నిలబడే తీరులో తేడా వుంది. వీళ్లంతా పాత సిపాయిలు. ‘మేము ఇంకా బతికే వున్నాం’ అని సర్కారుకు ఏటా ఒకసారి రుజువు చూపించుకునే నెల అది. ఆ పని పది నిమిషాలలో అయిపోతుంది. కాని వాళ్లు పొద్దుగూకేదాకా ఇంటికి పోరు.

కూలీ సంఘం పని మీద ఊళ్లు తిరిగే నేను మొదట్లో వీళ్లను పట్టించుకునేవాణ్ణి కాదు. నెలనెలా పింఛను వచ్చేవాళ్లకు మన కూలీలతో ఏం పని అనుకునేవాణ్ణి. రెండు మూడేళ్లు ఆ చెట్టు కింద కూర్చున్నాక నా లెక్క తప్పని తెలిసింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

కరువే భర్తీ చేసింది

“దేశభక్తి అంటారు గాని నాయనా, మేము పోయింది కడుపు కోసరం” అన్నాడు అందరికంటే పెద్దాయన. “మూడేండ్లు వాన లేదు. బావి ఎండిపాయ. ఎద్దుల్ని అమ్మేస్తిమి. బెంగుళూరులో భర్తీ ఉండాదంటే రైలెక్కి పోతిని. కొలతలు తీసిరి, పరుగు పెట్టిచ్చిరి, తీసుకునిరి. ఆ పొద్దు రాత్రి కడుపునిండా తింటి. ఆ తిండి ఇంగా మర్సిపోలే.”

ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. దేశంలో అతి తక్కువ వానపడే జిల్లాల్లో ఒకటి. ఇక్కడి మనిషికి ఎప్పుడూ రెండే దారులు. ఒకటి వలస కూలి, రెండోది పటాలం. బెంగుళూరులో మద్రాస్ సాపర్ల కేంద్రం దగ్గరగా వుంది కాబట్టి, రైలు వుంది కాబట్టి, కొందరికి రెండో దారి దొరికింది.

తెల్లదొరల కాలంలోనూ ఇదే కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 13 లక్షల మంది భారతీయులను సముద్రాలు దాటించారు. వాళ్లలో 74 వేల మంది దాకా చనిపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో 25 లక్షల మంది ‘స్వచ్ఛందంగా’ చేరారని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. కాలుతున్న కడుపుకు ‘స్వచ్ఛందం’ అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కరలేదు. యుద్ధం అయిపోగానే ఆ లక్షల మందిలో ఎక్కువ భాగాన్ని పింఛను లేకుండా ఇంటికి పంపారు. బర్మా అడవుల్లో, ఆఫ్రికా ఎడారుల్లో చావు తప్పించుకుని వచ్చినవాళ్లు మళ్లీ ఊరి భూస్వామి కళ్లంలో కూలికి నిలబడ్డారు. వాళ్లకు సంఘం లేదు, యాపచెట్టు లేదు. ఎవరికి వాళ్లే కన్ను మూశారు.

ఏం మాట్లాడుకుంటారు?

సినిమాల్లో చూపించే మాదిరి వీరగాథలు అక్కడ వినబడవు. ఒకాయన 1971 యుద్ధంలో పడమటి సరిహద్దు కాడ నేలలో పాతిన మందుపాతరలు వెతికి తీసిన సంగతి చెబుతాడు. ఇంకొకాయన 1987 నుంచి 1990 దాకా మన సైన్యం శ్రీలంకలో వున్నప్పుడు పోయినాడు. “ఎవురి కోసరం పోతిమో, ఎవురి మింద కాలిస్తిమో ఇప్పుటికీ తెలీలే” అంటాడు. ఆ మాట తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడరు. చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటారు. ఆ ఏడు గుంపులో తగ్గిన మనిషి పేరు చివర చెప్పుకుంటారు.

దళితవాడ నుంచి పోయిన ఒక సిపాయి చెప్పిన మాట నా మనసులో నాటుకుపోయింది. “పటాలంలో అందరికీ ఒకే లంగరు తిండి. పక్క మంచం రెడ్డి, అవతల మంచం అయ్యరు. ఎవురూ నీ కులమేందని ప్లేటు పక్కకు జరపలే. సెలవు మింద ఊరికొస్తే, మిలిట్రీ గుడ్డలతోనే హోటలు కాడికి పోతి. నాకు వేరే గ్లాసు ఇచ్చిరి.” దేశాన్ని కాపాడే చెయ్యి గ్లాసు ముట్టుకుంటే మైలపడిందట! ఆ రోజు ఆ గ్లాసును అక్కడే పగలగొట్టి వచ్చానని చెబుతూ ముసలాయన నవ్వాడు. తర్వాత మా రెండు గ్లాసుల పోరాటంలో ముందు నిలబడింది ఆయనే. పటాలం ఆయనకు తుపాకీ ఒక్కటే నేర్పలేదు, సమానంగా కూర్చుని తినడం కూడా నేర్పింది.

జ్ఞాపకమే సాక్ష్యం

ఇవన్నీ ముసలివాళ్ల పొద్దుపోని కబుర్లు అనుకునేవాళ్లకు నేను కళ్లారా చూసిన ఒక సంగతి చెప్పాలి.

మా పక్క ఊళ్లో ఒక సిపాయి చనిపోయాడు. భార్యకు కుటుంబ పింఛను రావాలి. సర్వీసు కాగితాల్లో ఆమె పేరు ఒకటి, ఆధార్ కార్డులో ఇంకొకటి. పెట్టెలో వున్న డిశ్చార్జి పుస్తకాన్ని చెదలు తినేశాయి. ఆయన నంబరు ఆమెకు తెలియదు. ఒక ఆఫీసులో ‘నంబరు తెస్తే చూస్తాం’ అన్నారు. ఇంకొక ఆఫీసులో ‘పేరు కలవనిదే ఏమీ చెప్పలేం’ అన్నారు. ఆమె ఏడాదిన్నర మా కూలీ అక్కలతో పాటు కలుపు తీసింది.

ఆ నవంబరులో ఆమెను యాపచెట్టు కాడికి తీసుకుపోయినాము. సంగతి వినగానే ఒకాయన లేచి నిలబడ్డాడు. “మేమిద్దరం ఒకే పొద్దు భర్తీ అయితిమి. వరసలో నా ఎనక నిలబడినాడు. నా నంబరుకు ఒకటి కలిపితే వాని నంబరే” అన్నాడు. ఇంకొకాయన, “సెలవు పెట్టుకుని వాని పెండ్లికి నేను పోయింటి. ఈయమ్మే పెండ్లికూతురు” అన్నాడు. ముగ్గురు కలిసి ప్రమాణ పత్రం రాసిచ్చారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఆమె వెంట నడిచారు, రికార్డు ఆఫీసుకు ఉత్తరాలు రాయించారు. తొమ్మిది నెలలకు బకాయిలతో సహా పింఛను వచ్చింది.

చెదలు పుస్తకాన్ని తినగలిగాయి గాని, వరసలో నిలబడిన మనిషి జ్ఞాపకాన్ని తినలేకపోయాయి. వాళ్లు ఏడాదికి ఒకసారైనా కలుసుకోకపోయివుంటే ఆమె ఈ రోజుకూ కలుపులోనే వుండేది.

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరు వుంది. ఇంటికో సిపాయి వున్న ఊరని దానికి మిలిటరీ మాధవరం అని పేరు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి మనుషులు పోయారు. అమరుల కోసం స్మారకం కట్టుకున్నారు. అటువంటి చోట గుమ్మం దాటితే తోటి సిపాయి కనబడతాడు. మన సీమలో ఊరికొకరు, ఇద్దరు. మధ్యలో పది మైళ్ల బీడు. కాబట్టే మన సిపాయిలకు కలుసుకోవడం సరదా కాదు, అవసరం.

కలిసి కూర్చుంటే ఏమవుతుంది?

ఢిల్లీలోనూ ఇదే జరిగింది. ఒకే హోదా, ఒకే సర్వీసు వున్న ఇద్దరిలో ముందు రిటైరయినవాడికి తక్కువ పింఛను, వెనక రిటైరయినవాడికి ఎక్కువ పింఛను. ఇదేం న్యాయమని పాత సిపాయిలు ఏళ్ల తరబడి అడిగారు. 2015 జూన్ 15న జంతర్ మంతర్ దగ్గర నిరాహార దీక్షలకు కూర్చున్నారు. ఆగస్టు 14న, అంటే స్వాతంత్య్ర దినానికి ఒక్క రోజు ముందు, అక్కడి నుంచి లేపడానికి పోలీసులు ముసలి సిపాయిల మీద చెయ్యి చేసుకున్నారు. అయినా లేవలేదు. సెప్టెంబరు 5న కేంద్ర ప్రభుత్వం ‘ఒకే ర్యాంకు - ఒకే పింఛను’ ప్రకటించక తప్పలేదు. అడిగినదంతా ఇవ్వలేదు. ఇచ్చినదైనా వాళ్లు కలిసి కూర్చున్నందుకే వచ్చింది.

నాలుగేళ్ల సిపాయి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2022 జూన్ 14న కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ ప్రకటించింది. కుర్రవాళ్లను నాలుగేళ్లకు తీసుకుంటారు. తర్వాత నూటికి 25 మందిని మించి వుంచుకోరు. మిగతావాళ్లకు సుమారు 11.71 లక్షల రూపాయలు చేతిలో పెట్టి పంపుతారు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. జూన్ 17న సికింద్రాబాదు స్టేషనులో ఆగ్రహించిన యువకుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ఒక బిడ్డ చనిపోయాడు.

అంతటితో ఆగలేదు. ఈ కథ మన ఇంటికీ వచ్చింది. 2022లో మన అనంతపురం నుంచి విడిపోయిన శ్రీ సత్యసాయి జిల్లాలో గోరంట్ల మండలం కల్లితండా వుంది. ఆ తండా బిడ్డ మురళీ నాయక్ అగ్నివీరుడుగా చేరాడు. తల్లిదండ్రులు ముంబయికి వలసపోయిన కూలీలు. ఒక్కడే కొడుకు. 2025 మే 9న కాశ్మీరు సరిహద్దులో ఫిరంగి దాడిలో ప్రాణం విడిచాడు. మంత్రులు వచ్చారు, సాయం ప్రకటించారు. కాని రెగ్యులర్ సిపాయి కుటుంబానికి బతికినంత కాలం వచ్చే పింఛను, అగ్నివీరుడి కుటుంబానికి లేదు. సరిహద్దులో పడే గుండు, ‘నువ్వు రెగ్యులరా, నాలుగేళ్లవాడివా’ అని అడిగి తగిలిందా? ఇదే ప్రశ్న పట్టుకుని ఆ తల్లి 2025లో బొంబాయి హైకోర్టు గడప ఎక్కింది.

యాపచెట్టు కింద ఈ మాట వచ్చినప్పుడు పెద్దాయన అన్నాడు: “పదిహేనేండ్లు కలిసి తిన్యాం గాబట్టి ముప్పై ఏండ్లయినా ఒకన్నొకడు ఇడిసిపెట్టలేదు. నాలుగేండ్లకు పంపిస్తే ఈ పిల్లోల్లు యా చెట్టు కిందికి పోతారు అబ్బీ?”

ఇది మనమూ ఆలోచించవలసిన ప్రశ్న. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు, బడిలో కాంట్రాక్టు పంతులు, ఇప్పుడు సరిహద్దులో కాంట్రాక్టు సిపాయి. మనిషిని ఒకచోట నిలవనివ్వకపోతే అతనికి తోటివాడుండడు. తోటివాడు లేనివాడికి సాక్ష్యం వుండదు, సంఘం వుండదు.

మన చెట్టు ఏది?

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలయింది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ చట్టం రాకముందు గంజి కేంద్రాల ముందు గిన్నెలు పట్టుకుని నిలబడినవాళ్లు మన ఊళ్లలో ఇంకా వున్నారు. పని అడిగి, రాకపోతే ఆఫీసు ముందు బైఠాయించి సాధించుకున్నవాళ్లు వున్నారు. వాళ్లూ ఒక యుద్ధం చేసినవాళ్లే. 2025 డిసెంబరులో ఆ చట్టాన్ని తీసివేసి దాని స్థానంలో వేరే చట్టం తెచ్చారు. మన ఊళ్లలో ఎంతమంది పాత కూలీలు కలిసి కూర్చుని, అప్పుడేమి వచ్చింది, ఇప్పుడేమి పోయింది అని లెక్క చెప్పుకున్నారు?

కార్యకర్తలకు నాదొక మనవి. మీ ఊళ్లో పాత సిపాయి వుంటే పోయి పలకరించండి. ఆయన పింఛనుదారుడు కావచ్చు, కాని కరువు బిడ్డే. అగ్నివీరుల కుటుంబాలను ఆయన దగ్గరికి తీసుకుపోండి. వితంతువులకు కాగితాలు లేకపోతే ఆయనను అడగండి. అట్లాగే సంఘంలో పాతవాళ్లందరినీ ఏడాదికి ఒక రోజు ఒకచోట కూర్చోబెట్టండి. జాబు కార్డులు, పట్టాలు, కేసు కాగితాలు తెచ్చుకోమనండి. ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో ఒక నోటుబుక్కులో రాయించండి. రేపు ఏ ఆఫీసులోనో ‘రుజువేది’ అని అడిగినప్పుడు, వరసలో మన వెనక నిలబడిన మనిషే లేచి సాక్ష్యం చెప్పాలి.

సిపాయిలకు ఒక యాపచెట్టు వుంది. మనకూ ఒకటి చూసుకుందాం.