ప్రభుత్వపు అప్పు - ప్రజల అపోహలు

‘అప్పు చేసి పప్పుకూడు’ అను సామెత మన ఇండ్లలో పుట్టినది. నెలజీతము నెలాఖరు వరకు చాలని గృహస్థు చేబదులు తెచ్చినచో మరుసటి నెల మరింత ఇరుకున పడును. ఈ అనుభవము మనలో చాలమందికి ఉన్నదే. కనుకనే ఒక రాజ్యము అప్పులో ఉన్నదని వార్తలలో వినినంతనే మన మనస్సు ఆ గృహస్థునే తలచుకొనును. అమెరికా సంయుక్త రాష్ట్రముల సమాఖ్య ప్రభుత్వపు ఋణము 2024 నవంబరులో 36 లక్షల కోట్ల డాలర్లను దాటినది. ఈ మాట వినినపుడు ‘అంత సంపన్న దేశము దివాలా తీయుచున్నదా?’ అని ఒకరందురు. ‘నోట్లు అచ్చువేయు యంత్రము చేతిలో నుండగా వారికి చింత యేమి?’ అని మరియొకరందురు. ఈ రెండు మాటలును సగము సత్యములు మాత్రమే. సగము సత్యమును నమ్మిన ప్రజలు ఒకరు చేసిన పనికి మరియొకరిని మెచ్చుకొనుటయు, ఒకరి తప్పునకు మరియొకరిని శిక్షించుటయు ఆ దేశపు చరిత్రలో పలుమారులు జరిగినది. అట్టి ఘట్టములు కొన్నింటిని ముందుంచుకొని ఈ విషయమును విచారింతము.

మొదట అప్పు లేని రాజ్యమును చూతము. 1791 జనవరి నాటికి అమెరికా సమాఖ్య ప్రభుత్వపు అప్పు 7 కోట్ల 50 లక్షల డాలర్లకు మించి యుండెను. స్వాతంత్ర్య సమరమున రాష్ట్రములు చేసిన అప్పులను గూడ సమాఖ్య ప్రభుత్వమే వహింపవలెనని మొదటి ఖజానా కార్యదర్శి అలెగ్జాండర్ హామిల్టన్ 1790లో పట్టుపట్టి సాధించుటచే అప్పు అంత అయినది. మితమైన ఋణము రాష్ట్రములను ఒక్కటిగా బంధించునని ఆయన తలంపు. 1829లో అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ తలంపు దీనికి పూర్తిగా విరుద్ధము. ఆయన యౌవనమున ఒక భూముల బేరములో ఇతరుని ప్రామిసరీ నోట్లను నమ్మి దెబ్బతినినవాడు. అప్పన్నను, కాగితపు డబ్బన్నను ఆయనకు జీవితాంతము గిట్టలేదు. దిగుమతి సుంకములును, పశ్చిమ భూముల అమ్మకములును ఖజానాను నింపగా, 1835 జనవరిలో ఆయన ప్రభుత్వము అప్పును చిల్లిగవ్వ మిగులకుండ తీర్చివేసెను. ఆ దేశ చరిత్రలో ఇట్లు జరిగినది ఈ ఒక్కసారియే.

తరువాత ఏమి జరిగినది? చేతిలో మిగిలిన సొమ్మును ఏమి చేయవలెనో ప్రభుత్వమునకు తోచలేదు. 1836లో చట్టము చేసి 2 కోట్ల 80 లక్షల డాలర్లకు పైగా రాష్ట్రములకు పంచిపెట్టిరి. జాతీయ బ్యాంకు పునరుద్ధరణను జాక్సన్ 1832లోనే త్రోసివేసి యుండుటచే, రాష్ట్రములలోని చిన్న బ్యాంకులు అడ్డు లేక నోట్లు జారీ చేసినవి. ఆ నోట్లతో జనులు భూములు కొనిరి. భూముల ధరలు ఆకాశమునకెక్కినవి. 1836 జులైలో జాక్సన్ ఉలికిపడి, ప్రభుత్వ భూములకు వెండి బంగారములే చెల్లింపవలెనని ఆజ్ఞ ఇచ్చెను. లండనులో ఇంగ్లండు బ్యాంకు వడ్డీ పెంచినది. ప్రత్తి ధర పడిపోయినది. 1837 మే నెలలో న్యూయార్కు బ్యాంకులు తమ నోట్లకు వెండి బంగారములు ఇయ్యజాలమని చేతులెత్తివేసినవి. వ్యాపారములు కూలినవి, పనివారు వీధిపాలైరి. ప్రభుత్వమే ఆ అక్టోబరులో కోటి డాలర్ల ఖజానా పత్రములను జారీ చేయుటకు చట్టము చేసికొనవలసివచ్చెను. అప్పు తీరి మూడేండ్లయినను నిండలేదు.

ఈ కష్టములకు అప్పు తీర్చుటయే కారణమని మేము చెప్పుటలేదు. కారణములు పెక్కు, వానిలో ఏది ముఖ్యమనుదానిపై చరిత్రకారులలో నేటికిని వాదము కలదు. కాని అప్పు లేకపోవుట ఆ దేశమును కాపాడలేదనుట స్పష్టము. మరియొక విషయమును గమనింపదగినది. అప్పు తీర్చిన కీర్తితో జాక్సన్ 1837 మార్చిలో పదవి విడిచి ఇంటికి పోయెను. అదే నెలలో గద్దెనెక్కిన మార్టిన్ వాన్ బ్యూరెన్ నెత్తిన పిడుగు పడెను. 1840 ఎన్నికలలో ప్రజలు ఆయనను ఓడించిరి. విత్తినవాడొకడు, కోసినవాడొకడు.

ఇక నోట్ల సంగతి. మన దేశమున రూపాయి నోటుపై భారత ప్రభుత్వపు పేరును, ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకమును ఉండును. తక్కిన నోట్లపై రిజర్వు బ్యాంకు గవర్నరు వాగ్దానము ఉండును. అమెరికాలో అంతర్యుద్ధ కాలమున ప్రభుత్వము స్వయముగా జారీ చేసిన నోట్లు మన రూపాయి నోటు వంటివి. 1862 ఫిబ్రవరిలో లింకన్ ప్రభుత్వము 15 కోట్ల డాలర్ల నోట్లకు చట్టము చేసినది. తరువాతి చట్టములతో ఆ పరిమితి 45 కోట్లకు పెరిగినది. వెనుకవైపు పచ్చసిరాతో అచ్చయినందున జనులు వానిని ‘గ్రీన్‌బ్యాక్’లనిరి. అడిగినంతనే వానికి బంగారము దొరకదు. అటు దక్షిణ రాష్ట్రముల కూటమియు నోట్లు ముద్రించినది. వంద కోట్ల డాలర్లకు మించి ముద్రించినది. సంయుక్త రాష్ట్రములతో సంధి కుదిరిన పిమ్మట ఇన్ని నెలలకు సొమ్ము చెల్లింతుమని ఆ నోట్లపై వ్రాసియుండెను!

ఇరువురును అచ్చుయంత్రమునే ఆశ్రయించిరి. ఫలితములు మాత్రము ఒకటి గావు. ఉత్తరమున ధరలు దాదాపు రెట్టింపయినవి. ప్రజలు బాధపడిరి గాని డబ్బు డబ్బుగా నిలిచినది. దక్షిణమున 1865 నాటికి ధరలు ఎన్నో పదుల రెట్లు పెరిగి, ఆ నోట్లు చిత్తుకాగితములైనవి. దీనికి హేతువేమి? ఉత్తరపు ప్రభుత్వము ఆదాయపు పన్నును మొట్టమొదటిసారిగా విధించినది. పన్నులు వసూలు చేయుటకు ప్రత్యేక కార్యాలయమును నెలకొల్పినది. సామాన్య కుటుంబములకు గూడ ఋణపత్రములు అమ్మినది. నోటు వెనుక పన్నులు వసూలు చేయగల ప్రభుత్వమును, పనిచేయు కర్మాగారములును, పండు పొలములును ఉండెను. దక్షిణమున పన్నులు యుద్ధవ్యయములో స్వల్పభాగమునకే చాలినవి. రేవులు దిగ్బంధములో చిక్కినవి. కొనుటకు సరుకు లేదు. నోటు విలువ నోటులో ఉండదు. అది ఆ దేశపు ఉత్పత్తిలోను, ప్రభుత్వమునకు పన్ను విధించు ధైర్యములోను ఉండును.

నేడు అమెరికాలో ద్రవ్యము పుట్టు తీరు వేరు. ఏ పనికి ఎంత వ్యయము, ఏ పన్ను ఎంత అనునది కాంగ్రెసు, అనగా అక్కడి శాసనసభ, నిర్ణయించును. పన్నులకు మించిన వ్యయమునకు లోటని పేరు. ఏటేట పేరుకొనిన లోట్ల మొత్తమే అప్పు. ఈ రెండింటికి గల భేదమును మరచి, లోటు తగ్గినదనిన వార్తను అప్పు తగ్గినదని అనుకొనువారు అనేకులు. లోటును పూరించుటకు ఖజానా శాఖ ఋణపత్రములను వేలము వేయును. 1913 చట్టముచే ఏర్పడిన ఫెడరల్ రిజర్వు, అనగా అక్కడి కేంద్ర బ్యాంకు, అవసరమని తోచినపుడు ఆ పత్రములను బజారులో కొని, అమ్మిన బ్యాంకుల ఖాతాలలో అంకెలు వేయును. ఇది కాక సాధారణ బ్యాంకు ఒక గృహస్థునకు ఇల్లు కట్టుకొనుటకు అప్పిచ్చినపుడు కూడ ఇనుపపెట్టెలోని నోట్లు తీసి ఇయ్యదు. అతని ఖాతాలో అంకె వేయును. ఆ అంకెయు క్రొత్త ద్రవ్యమే. కావున అధ్యక్షుడు యంత్రము త్రిప్పి నోట్లు గుమ్మరించుచున్నాడను చిత్రము వాస్తవమునకు చాల దూరము.

అయినచో ద్రవ్యము పెరిగినంతనే ధరలు పెరుగునా? ఇటీవలి రెండు అనుభవములు దీనికి సమాధానమిచ్చును. 2008 ఆర్థిక సంక్షోభమునకు ముందు ఫెడరల్ రిజర్వు ఆస్తులు సుమారు 90 వేల కోట్ల డాలర్లు. 2014 నాటికి అవి నాలుగున్నర లక్షల కోట్లయినవి. ధరలు మండిపోవునని పెద్దలు పెక్కుమంది హెచ్చరించిరి. అట్లు జరుగలేదు. ఆ సొమ్ము చాలవరకు బ్యాంకుల నిల్వలలోనే ఉండిపోయినది. అప్పుల భయముతో ప్రజలు కొనుగోళ్ళు తగ్గించుకొనిరి. 2020లో మహమ్మారి వచ్చినపుడు కాంగ్రెసు కుటుంబములకు నేరుగా సొమ్ము పంపినది; 2022 నాటికి ఫెడరల్ రిజర్వు ఆస్తులు 9 లక్షల కోట్లకు చేరువైనవి. ఈసారి సొమ్ము ప్రజల చేతికి వచ్చినది. కాని ఓడలు, కర్మాగారములు స్తంభించి సరుకు రాలేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధము చమురు, గోధుమల ధరలను ఎగదోసినది. ఆ జూనులో అమెరికాలో ధరల పెరుగుదల అంతకు ముందటి ఏటిపై నూటికి 9.1 పాళ్ళయినది. గృహిణి సంచిలో అదే డబ్బునకు సరుకు తగ్గినది. దాచుకొనినవారి సొమ్ము కరగినది.

ఇంత అప్పు ఎవరికి బాకీ? చైనాకని తరచుగా వినుచుందుము. 2024 చివర చైనా చేతిలో నున్నది మొత్తములో నూటికి సుమారు రెండు పాళ్ళే. జపాను వాటా అంతకంటె పెద్దది. అప్పులో ఐదవ వంతు ప్రభుత్వపు సొంత నిధులకే బాకీ. తక్కినదానిలో పెద్దభాగము ఆ దేశపు బ్యాంకులు, పింఛను నిధులు, పౌరుల వద్దనే కలదు. ప్రభుత్వపు పద్దులో అప్పుగా కనిపించునదే వారి పద్దులో ఆస్తి. మన రిజర్వు బ్యాంకు విదేశీ నిధులలో గూడ ఈ పత్రములు కలవు. అందుచే ఈ సంగతి మనకు పరాయిది కాదు.

అట్లని అప్పు పెరుగుట నిరపాయమని భ్రమింపరాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము, 1946లో, అమెరికా అప్పు ఆ దేశపు వార్షికోత్పత్తిని మించియుండెను. 1970 దశకపు నడుమకు అది మూడవ వంతు ప్రాంతమునకు దిగినది. అప్పు తీర్చి దింపినది కాదు. డాలర్ల లెక్కలో అప్పు పెరుగుచునే ఉండెను. ఉత్పత్తి అంతకంటె వేగముగా పెరిగినది. ధరల పెరుగుదలయు అప్పు బరువును తగ్గించినది. ఆ నష్టమును పత్రములు కొనినవారు భరించిరి. నేటి స్థితి వేరు. 2024 ఆర్థిక సంవత్సరమున వడ్డీకే సుమారు 88 వేల కోట్ల డాలర్లు పోయినవి. అది దేశరక్షణ వ్యయమును మించినది. డాలర్లలో చేసిన అప్పునకు డాలర్లు లేకపోవుట అమెరికాకు సంభవింపదు. కాని వడ్డీకి పోయిన డాలరు బడికి, వంతెనకు పోదు.

చివరగా నాయకుల మాట. 1988 ఎన్నికలలో జార్జి బుష్, అనగా తండ్రి బుష్, క్రొత్త పన్నులు వేయనని వాగ్దానము చేసెను. 1990లో లోటు పెరుగుట చూచి, కాంగ్రెసుతో ఒప్పందము చేసికొని, పన్నులు పెంచుటకును, వ్యయమునకు హద్దులు పెట్టుటకును అంగీకరించెను. 1992లో ఓడిపోయెను; మాట తప్పెననుట ఆ ఓటమికి ఒక కారణము. 1998 మొదలు 2001 వరకు నాలుగేండ్లు సమాఖ్య ప్రభుత్వమునకు మిగులు వచ్చినది. ఆ కీర్తి చాలవరకు క్లింటనునకు దక్కినది. 1993లో క్లింటన్ పెంచిన పన్నులును, ఎదుటి పక్షపు చేతిలో నున్న కాంగ్రెసును, కంప్యూటరు పరిశ్రమ విజృంభణమును ఇందులో పాలు పంచుకొనినవి. బుష్ వేసిన తొలి మెట్టును స్మరించినవారు తక్కువ.

అప్పునకు చట్టము విధించిన పరిమితిపై 2011లో జరిగిన కలహము మరియొక ఉదాహరణము. ఆ పరిమితిని పెంచుట అధ్యక్షునకు క్రొత్తగా ఖర్చుచేయు అనుమతి ఇచ్చుటయని ప్రజలు పలువురు తలచిరి. నిజమునకు అది కాంగ్రెసు తానే ఇదివరకు మంజూరు చేసిన వ్యయములకు సొమ్ము చెల్లించు అనుమతి. అంగడిలో సరుకు తెచ్చుకొని తినిన పిమ్మట పద్దు చెల్లించుట యుక్తమా కాదా అని వాదులాడినట్లున్నది. చివరి గడియలో రాజీ కుదిరినను, ఆ ఆగస్టులో స్టాండర్డ్ అండ్ పూర్స్ సంస్థ ఆ దేశపు పరపతిని ఒక మెట్టు తగ్గించినది.

కాబట్టి ఏ దేశమున గాని ప్రభుత్వపు అప్పు మాట విననైనపుడు అంకె ఎంత పెద్దదని మాత్రమే అడుగుట చాలదు. ఆ అప్పు ఏ నాణెములో చేసినది, ఎవరికి బాకీ అని అడుగవలెను. దేశపు ఉత్పత్తితోను, వడ్డీతోను పోల్చినచో దాని బరువెంత అని అడుగవలెను. ఆ సొమ్ము దేనికి వ్యయమైనది, దానిని మంజూరు చేసినవారెవరు అని అడుగవలెను. అప్పు చేసి పప్పుకూడు తినిన రైతును, అప్పు చేసి విత్తనములు కొనిన రైతును మన ఊళ్ళలో ఎవరును ఒక్కగాట కట్టరు. ప్రభుత్వముల విషయమునను ఆ పాటి విచక్షణ చూపినచో, మన ఓటు తగినవారికే తగులును.