నీడకు కొలత పెట్టండి: ఉస్మాన్‌గంజ్‌లో రెండు రీళ్ల పాఠం

ఈ ఎపిసోడ్‌లో ఫిలిం స్పీడు గురించి, ఎక్స్‌పోజర్ గురించి మాట్లాడుకుందాం. ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

ఉస్మాన్‌గంజ్ మీకు తెలుసు కదా, హోల్‌సేల్ దుకాణాలు, బస్తాలు, ట్రాలీలు. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద ఎండ మండిపోతుంటుంది, రేకుల కింద దుకాణం గుమ్మం మాత్రం చీకటి. అక్కడ ఒక పెద్దాయన, హమాలీ, "నాదొక ఫోటో దియ్యి సార్, ఇంట్ల పెట్టుకుంట" అన్నాడు. కెమెరాలో కోడాక్ గోల్డ్ 200 ఉంది. ఎఫ్ 16, 1/250 పెట్టి తీసేశాను. ప్రింటు తీసుకెళ్లి ఇస్తే ఆయన చూసి, "మొఖం ఏది సార్? రోడ్డు మంచిగొచ్చింది, నేనే రాలే" అన్నాడు.

ఎందుకలా జరిగింది? ఎండలో ఒక సులువైన లెక్క ఉంది. అపర్చర్ ఎఫ్ 16 పెడితే, షట్టర్ స్పీడు ఫిలిం ఐఎస్ఓకి దగ్గరగా ఉండాలి. 200 ఫిలింకి 1/250 అన్నమాట. ఈ లెక్క రోడ్డుకు సరిపోయింది. కానీ ఆయన నిలబడింది నీడలో. అక్కడ వెలుగు ఎండకన్నా దాదాపు 6 స్టాపులు తక్కువ. ఒక్కో స్టాపుకి వెలుగు సగం అవుతుంది, అంటే 64వ వంతు! అంత తక్కువ వెలుగు పడితే నెగెటివ్ మీద ముఖం నమోదే కాదు. నమోదు కానిదాన్ని ఏ ల్యాబూ తేలేదు.

రెండోసారి ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ తీసుకెళ్లాను, ఐఎస్ఓ 400. ఈసారి దగ్గరికెళ్లి, ఆయన ముఖం మీద పడే వెలుగుకే మీటరు చూశాను. ఎఫ్ 4, 1/125 చూపించింది. అదే 100 ఫిలిం అయితే ఎఫ్ 2.8, 1/60 దాకా దిగాలి. మనిషి కాస్త కదిలినా చెదిరిపోతుంది. స్పీడు ఫిలిం వల్ల లాభం ఇదే. నష్టం ఏంటంటే గ్రెయిన్ కొంచెం ఎక్కువ కనిపిస్తుంది.

మూడు ఫ్రేములు తీశాను. ఒకటి రోడ్డంతా కలిపి మీటరు చెప్పినట్టు, ఒకటి ముఖం కొలత ప్రకారం, ఇంకోటి దానికి ఒక స్టాపు ఎక్కువ ఇచ్చి. మొదటిది పనికిరాలేదు. మిగతా రెండూ బాగున్నాయి. వెనక రోడ్డు తెల్లబడింది, పర్వాలేదు. చూడండి, నెగెటివ్ ఫిలిం ఎక్కువ వెలుగును ఓర్చుకుంటుంది, తక్కువను ఓర్చుకోదు. స్లైడ్ ఫిలిం దీనికి తిరకాసు. దాంట్లో వెలుగు ఎక్కువైతే తెల్లటి భాగాలు పోతాయి.

"మరి పుష్ చేస్తే?" అని అడుగుతారు. అదే ఫిలింని ఒక సాయంత్రం 1600గా పెట్టి తీశాను, డెవలపింగ్ టైము పెంచమన్నాను. కాంట్రాస్టు పెరిగింది, గ్రెయిన్ పెరిగింది, తెల్ల బస్తాలు మెరిశాయి. గాఢమైన నీడలు మాత్రం ఖాళీగానే ఉన్నాయి. పుష్ చేసేటప్పుడు రీలు మొత్తం ఒకే స్పీడులో తీయాలి, డబ్బా మీద ఆ స్పీడు రాసి ఇవ్వాలి. ఇది మర్చిపోకండి.

రీలుకి 36 ఫ్రేములే. అందులో 3 ఇలా పరీక్షకి కేటాయించండి. ఏ ఫ్రేముకి ఏం పెట్టారో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. లేకపోతే ప్రింటు వచ్చాక ఏది ఎందుకు బాగుందో గుర్తుండదు.

రెండో ప్రింటు ఆయనకిచ్చాను. కాసేపు చూసి, "గిప్పుడు నేనే ఉన్న" అన్నాడు.

మళ్లీ కలుద్దాం. ఉంటాను.