ఊపిరి పోయు చేతులు

హైదరాబాదులోని ఫిల్మునగరములో ఒక చలనచిత్రము పూర్తియగుటకు ఇరువదినాలుగు శాఖలవారి నైపుణ్యము కావలయునని చెప్పుదురు. ప్రాణరక్షణ యంత్రమునకును అట్టి సమష్టికృషియే అవసరమని 2020 సంవత్సరమున ఆ నగరమందే తెలియవచ్చెను. కరోనా వ్యాధి ప్రబలిన ఆ కాలమున వెంటిలేటర్లకు కొరత కలుగునని లోకమంతయు భయపడెను.

శ్వాస ఆడని రోగికి సంచిని చేతితో నొక్కి గాలిని అందింపవచ్చును. 1952లో డెన్మార్కు దేశమున పోలియో వ్యాపించినప్పుడు వైద్యవిద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్లు ఇట్లే సంచులను నొక్కి పెక్కుమందిని బ్రతికించిరి. కాని మనుజుని చేయి అలసిపోవును గదా!

అందుచే ఆ సంచిని యంత్రముచే నొక్కించు విధానమును అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థవారు 2020లో ఎల్లరకును ఉచితముగా వెల్లడించిరి. ఆ యేడే హైదరాబాదులోని టీ-వర్క్స్ సంస్థ పలు కంపెనీల ఇంజనీర్లను కూర్చుకొని, సంచిని నొక్కు వెంటిలేటరు నమూనాను నిర్మించెను.

ఇది సులభకార్యము కాదు. గాలి ఒత్తిడి మించినచో ఊపిరితిత్తులు దెబ్బతినును. చాలనిచో ప్రాణము నిలువదు. కావున ఒత్తిడిని కొలుచు పరికరమును, అపాయమును తెలుపు గంటయు యంత్రమునకు ఉండవలయును. వైద్యులు పరీక్షించి సమ్మతింపనిదే దానిని రోగికి అమర్చరాదు.

దాచిన విద్యలోని దోషము దాగియే యుండును. పంచిన విద్యను పదిమంది పరిశీలించి దిద్దుదురు. పరోపకారబుద్ధికి సరియైన కొలత తోడైననే ప్రాణము నిలుచును.