ముల్లు మధ్యకొచ్చేదాకా

పాత బుల్లెట్ మోటారు సైకిలు హెడ్‌లైటు డోము మీద, స్పీడోమీటరుకు దగ్గర్లో, చిన్న గుండ్రటి మీటరొకటి ఉంటుంది. అది ఆంపియర్ మీటరు. ముల్లు మైనస్ వైపు వాలితే బ్యాటరీలోంచి కరెంటు పోతున్నట్టు, ప్లస్ వైపు వాలితే బ్యాటరీకి చార్జి ఎక్కుతున్నట్టు. కొత్తవాళ్ళు దాన్ని పట్టించుకోరు. పాత బండి చేతికి అలవాటైనవాళ్ళు మాత్రం తాళం తిప్పగానే ఆ ముల్లు వంకే చూస్తారు. పిల్లలకు బండి నేర్పాల్సి వస్తే మొదటి పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడతారు. తండ్రికున్న బండి పిచ్చి పిల్లలకెందుకు అంటుకుంటుందని అడిగితే, రక్తసంబంధమనో చిన్ననాటి జ్ఞాపకమనో చెప్పి ఊరుకోవడం మామూలు. అవి నిజమేగాని చాలవు. అదే నాన్న కొన్న ఫ్యాను మీద, టీవీ మీద, బావి దగ్గరి మోటారు మీద పిల్లలకు అలాంటి ప్రేమ పుట్టదు కదా. అంటే కారణం మనుషుల్లోనే కాదు, యంత్రం కట్టుబడిలోనూ ఉండాలి. తన లోపల జరిగేది కంటికీ చెవికీ కాలికీ తెలియనిచ్చే యంత్రమే ఒక తరం నుంచి మరో తరానికి ప్రేమతో చేరుతుందని నా వాదన. దానికి నా మొదటి సాక్షి ఆ ముల్లు.

ముల్లు చెప్పే సంగతి అర్థం కావాలంటే ఇంజను లోపలికి పోవాలి. పాత 350 బుల్లెట్ సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, అందులో పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం 90 మిల్లీమీటర్లు. లెక్క కడితే 346 సీసీ. ఇది ఫోర్ స్ట్రోక్ ఇంజను. పిస్టను కిందికి దిగుతూ పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని పీలుస్తుంది, పైకి లేస్తూ దాన్ని అదుముతుంది, ప్లగ్గులో నిప్పురవ్వ పడగానే మంట తోసిన తోపుకు కిందికి దిగుతుంది, మళ్ళీ పైకి లేస్తూ పొగను బయటికి నెడుతుంది. ఈ నాలుగు పనులకు, పిస్టను తిప్పే క్రాంకు రెండు చుట్లు తిరగాలి. అంటే పిస్టను రెండుసార్లు పైకొస్తుంది, నిప్పురవ్వ మాత్రం ఒక్కసారే కావాలి. దానికి వేళ చెప్పేవి పాయింట్లు. కాయిల్‌కు కరెంటు పోయే దారిలో ఎదురెదురుగా ఉండే రెండు చిన్న లోహపు బొడిపెలివి. అవి ఆనుకుని ఉన్నంతసేపు కాయిల్‌లో కరెంటు పారుతుంది. విడిపోయిన క్షణాన ఆ కరెంటు తెగి, కాయిల్ చుట్టూ నిలిచిన అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలి, ప్లగ్గు దగ్గర వేల వోల్టులు పుడతాయి. విడిపోయినప్పుడు వాటి మధ్య వచ్చే సందు మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. వాటిని తెరిచే క్యాము క్రాంకు వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. కాబట్టి రెండు చుట్లకు ఒకేసారి, అదీ మిశ్రమం బాగా అదిమి ఉన్న వేళకే, పాయింట్లు విడిపోతాయి.

ఇప్పుడు ముల్లు దగ్గరికి రండి. తాళం తిప్పి కిక్కు రాడ్డును మెల్లగా అదుముతూ పోతే, పాయింట్లు మూసి ఉన్నంతసేపు ముల్లు మైనస్ వైపే వాలి ఉంటుంది. ఒక చోట కాలికి గట్టి అడ్డు తగులుతుంది. ఇంకాస్త అదిమితే ముల్లు మధ్యకొచ్చి నిలుస్తుంది. పాయింట్లు విడిపోయాయి, పిస్టను మిశ్రమాన్ని అదిమి పైకొస దగ్గరికి వచ్చిందన్నమాట. ఎడమ చేతి దగ్గరున్న డీకంప్రెషర్ లివరు నొక్కితే సిలిండరు హెడ్డులో చిన్న వాల్వు తెరుచుకుని లోపలి ఒత్తిడి బయటికి పోతుంది. అడ్డు తొలగి పిస్టను పైకొసను కొంచెం దాటుతుంది. ఇక లివరు వదిలేసి, రాడ్డును పైకి రానిచ్చి, చివరిదాకా ఒక్క కిక్కు. ఇంత తంతు ఎందుకంటే, మళ్ళీ అదిమే వంతు వచ్చేలోగా పిస్టను మూడు దెబ్బలు పెద్ద అడ్డు లేకుండా తిరుగుతుంది. ఆ మూడు దెబ్బల్లో ఫ్లైవీలు అనే బరువైన చక్రం ఊపందుకుంటుంది. నాలుగో దెబ్బలో ఎదురయ్యే ఒత్తిడిని దాటించేది మన కాలు కాదు, ఆ ఫ్లైవీలే. పిస్టను సగం దారిలో ఉండగా తొందరపడి కొడితే ఊపు చాలదు. పైకొసకు ముందే పడిన నిప్పురవ్వ పిస్టనును వెనక్కి తోస్తుంది, రాడ్డు ఎదురు తిరిగి కాలిని తంతుంది. కాబట్టి బుల్లెట్ కిక్కు బలానికి పరీక్ష కాదు, అదునుకు పరీక్ష. ఇది మగవాళ్ళ బండి, తండ్రి నుంచి కొడుక్కే పోవాలి అనేవాళ్ళకు డీకంప్రెషరే జవాబు. అదును తెలిసిన అమ్మాయి కొట్టిన కిక్కుకు స్టార్టయ్యే బండి, తెలియని పహిల్వాను కొడితే మొరాయిస్తుంది.

ఈ పద్ధతిని కాగితం మీద ఎవరైనా రాయొచ్చు, ఇప్పుడు నేనే రాశాను. కాని కాలికి తగిలే అడ్డు ఎంత గట్టిగా ఉంటే సరైన చోటు, ముల్లు కదిలాక ఎంతసేపు ఆగాలి, చలికాలం పొద్దున చోకు ఎంతసేపు వేసి ఉంచాలి అన్నవి కాగితంలోంచి కాలికి దిగవు. పక్కన నిలబడి “ఆగరా, ఇంకాస్త... ఆఁ, ఇప్పుడు కొట్టు” అనే మనిషి కావాలి. పల్నాడు వాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో నిలబడే ప్రభలను చూడండి. అంత ఎత్తున లేచే కట్టడం ఎక్కడ బరువు మోస్తుందో, ఏ మోకును ఎంత బిగించాలో పెద్దవాళ్ళ పక్కన నిలబడి తాడు పట్టిన కుర్రాళ్ళకే వంటబడుతుంది. చేతిపని విద్యలన్నీ ఇంతే, నేర్పేవాళ్ళూ నేర్చుకునేవాళ్ళూ ఒకేచోట, ఒకే వస్తువు మీద చేతులు వేయాలి. పాత మోటారు సైకిలు ఇంటి గుమ్మంలోకి తెచ్చింది అలాంటి విద్యనే. పెద్దగా మాట్లాడుకోని తండ్రీ కొడుకులు కూడా కార్బరేటరు విప్పిన ఆదివారం గంటల తరబడి ఒకే పళ్ళెం ముందు కూర్చోగలిగారంటే, వాళ్ళ మధ్య మాటకు వస్తువు దొరికింది గనక.

కంటి పాఠం ముల్లుదైతే చెవి పాఠం డుగ్గు డుగ్గుది. ఊరికే నిలబెట్టినప్పుడు ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకుందాం. రెండు చుట్లకు ఒక పేలుడు గనక నిమిషానికి 400, అంటే సెకనుకు ఆరేడు. చెవి దాదాపుగా లెక్కపెట్టగల వేగమది. ఒక్క దెబ్బ తప్పినా తెలిసిపోతుంది. ఫ్లైవీలు బరువుగా ఉండబట్టే ఇంజను అంత నెమ్మదిగా తిరిగినా ఆగిపోదు. ఇక రెంటచింతల ఎండ సంగతి తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. గాలికి చల్లారే ఇంజనుకు ఆ ఎండే పరీక్ష. సిలిండరు రెక్కలు 150 డిగ్రీల వేడిలో ఉన్నాయనుకుంటే, బయటి గాలి 30 డిగ్రీలున్న రోజు తేడా 120, 45 డిగ్రీలున్న రోజు 105. వేడి బయటికి పోయే జోరు ఈ తేడాను బట్టే ఉంటుంది గనక ఎనిమిదో వంతు తగ్గిపోయినట్టే. పాత బండి ఆ సంగతి దాచదు. లాగుడు తగ్గుతుంది, వాల్వుల చప్పుడు మారుతుంది. వెనక కూర్చున్న పిల్ల చెవికి ఏళ్ళ తరబడి ఆ చప్పుడు అలవాటై, తేడా వచ్చిన రోజున నాన్న కంటే ముందే పట్టుకుంటుంది.

బుల్లెట్ పేరెత్తితే జావా వాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. మైసూరులో ఐడియల్ జావా 1960ల మొదట్లో తయారీ మొదలుపెట్టి, 1973 నుంచి యెజ్డీ పేరుతో అమ్మిన ఆ టూ స్ట్రోక్ బండిలో వాల్వులు లేవు. సిలిండరు గోడలోని రంధ్రాలను పిస్టనే మూస్తూ తెరుస్తూ పోతుంది, ప్రతి చుట్టుకూ ఒక పేలుడు. గేరు రాడ్డును లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్కు రాడ్డు, స్టార్టయ్యాక మళ్ళీ అదే గేరు రాడ్డు. గేరు మార్చే కాలి కదలికే క్లచ్చును కూడా విడదీస్తుంది గనక చేత్తో క్లచ్చు పట్టకుండానే గేరు వేయొచ్చు. ఒక్క కడ్డీతో మూడు పనులు చేయించిన ఆ తెలివికి బుల్లెట్ అభిమానులు కూడా దండం పెట్టాలి. పైగా పెట్రోల్లో ఆయిలు కొలిచి కలపడం ఆ ఇళ్ళల్లో పిల్లలకు నిష్పత్తుల లెక్క నేర్పింది. తెలివిలో జావాది పైచేయి, పాఠం చెప్పడంలో బుల్లెట్‌ది పైచేయి అని నా తీర్పు. ఎందుకంటే టూ స్ట్రోక్‌లో పేలుళ్ళు దగ్గర దగ్గరగా పడి చెవికి ఒకే మోతగా కలిసిపోతాయి, బుల్లెట్ దెబ్బ దెబ్బకూ విడిగా వినపడుతుంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరముంది. బుల్లెట్ మీద ప్రేమంతా హోదా మోజేనని, ఊరి పెద్ద నడిపిన బండి గనక కొడుకూ కోరుకున్నాడని. మోజు లేదనను. కాని మోజు బండిని కొనిపిస్తుంది, ముప్ఫై ఏళ్ళు విప్పి బిగించేలా చేయదు. హోదాయే కావాలనుకుంటే కొత్త బండి రాగానే పాతది తూకానికి పోవాలి. రాజ్‌దూత్ చూడండి, దాని వెనక ఏ దర్పమూ లేదు, బరువులు మోసిన రైతు బండి అది. దాన్నీ అంతే ప్రేమగా దాచుకున్నవాళ్ళున్నారు. యెజ్డీ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ప్రకటనలు లేవు, కొత్త మోడళ్ళు లేవు. అయినా ఆ బండ్లు రోడ్డు మీద మిగిలాయి, ఏటా జూలైలో జావా దినం పేరిట అభిమానులు వాటిని బయటికి తీస్తూనే ఉన్నారు. అమ్మేవాడే లేని వస్తువును బతికించింది హోదా కాదు, ఇంట్లో విప్పుకోగలిగిన కట్టుబడి.

రెండో అభ్యంతరం ఇంకా న్యాయమైనది. ఇంత తంతు కావాల్సిన యంత్రాన్ని లోపమున్న యంత్రమనాలి గాని గురువు అనడమేమిటి? ఆయిలు కారడం, పాయింట్లు అరగడం, పొగ, ఇవన్నీ నిజాలే. ఇంగ్లాండులోని రెడిచ్‌లో పుట్టి, 1955లో మద్రాసుకు చేరి, పుట్టింటి కంపెనీ 1970 ప్రాంతంలో మూతపడ్డాక కూడా తిరువొత్తియూరులో బతికిన ఈ బండి, కాలుష్య నియమాల ముందు మారక తప్పలేదు. 1994లో ఐషర్ కంపెనీ చేతికి వచ్చింది. 2010 నాటికి ఇనప సిలిండరు స్థానంలో అల్యూమినియం, పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చాయి. 2020 ఏప్రిల్లో బీఎస్ 6 నియమాలతో కార్బరేటరు పోయింది. 2023లో వచ్చిన బుల్లెట్‌కు కిక్కు రాడ్డే లేదు. శుభ్రమైన గాలి కోసం, మైలేజీ కోసం ఇవి రావాల్సిన మార్పులే, వెనక్కి పోదామని నేననను. కాని లోపం వేరు, తెరిచి ఉండటం వేరు. లోపాన్ని సరిదిద్దే పనిలో యంత్రం తలుపు కూడా మూసేశారు. ఇప్పుడు బండి తనకేం జరిగిందో కంప్యూటరుకు చెబుతుంది గాని ఇంటివాళ్ళకు చెప్పదు.

అయినా తలుపు పూర్తిగా మూసుకోలేదు. కొత్త బండికి కూడా చెయిను బిగువు చేత్తో చూడొచ్చు, టైర్లలో గాలి చూడొచ్చు, ఎయిర్ ఫిల్టరు దుమ్ము దులపొచ్చు, ప్లగ్గు విప్పి చూడొచ్చు. ప్లగ్గు కొస లేత గోధుమ రంగులో ఉంటే మంట సరిగ్గా ఉన్నట్టు, మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువై వేడి మీరినట్టు. అమ్మాయైనా అబ్బాయైనా, చల్లారిన ఇంజను పక్కన పిల్లల్ని ఓ ఆదివారం కూర్చోబెట్టుకుని ఆ ప్లగ్గు వాళ్ళ చేతికివ్వండి. రంగు మీరు చెప్పకండి, వాళ్ళనే చెప్పనివ్వండి.