మీ రిపోర్టు అర్థమవుతోందా?

డిజైన్ విద్యార్థులు ఒక్కో ప్రాజెక్టు మీద నెలల తరబడి పనిచేస్తారు. యూజర్లతో మాట్లాడతారు, స్కెచ్‌లు వేస్తారు, మోడల్స్ చేస్తారు. తీరా రిపోర్టు రాసేటప్పటికి భాష మారిపోతుంది. ‘హోలిస్టిక్’, ‘పారడైమ్’, ‘ఇంటర్వెన్షన్’ లాంటి మాటలు వచ్చి చేరతాయి. ఇంతకీ ఏం చేశారో చదివేవాళ్లకు అంతుపట్టదు. రేపు పోర్ట్‌ఫోలియోలో కేస్ స్టడీగా పెట్టేది ఈ రిపోర్టునే. ఇంటర్వ్యూలో ప్రశ్నలూ దాని మీదే వస్తాయి. కాబట్టి తేలిగ్గా రాయడం మార్కులకే కాదు, ఉద్యోగానికీ అవసరమే.

పెద్ద మాటలతో లాభమా?

కష్టమైన పదాలు వాడితే తెలివైనవాళ్లమనుకుంటారని చాలామంది నమ్మకం. అమెరికా సైకాలజిస్టు డేనియల్ ఓపెన్‌హైమర్ దీన్ని పరీక్షించి, 2006లో ఫలితాలు ప్రచురించారు. పీజీ ప్రవేశాల కోసం రాసిన వ్యాసాలు తీసుకుని, వాటిలోని మాటలకు బదులు పొడవైన పర్యాయపదాలు పెట్టారు. వాటిని చదివి సీటు ఇవ్వొచ్చో లేదో చెప్పమని విద్యార్థులను అడిగారు. భాష జటిలమయ్యేకొద్దీ సీటు ఇవ్వొచ్చన్నవాళ్లు తగ్గారు. ఎస్‌ఓపీ రాసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పరిభాష వద్దా?

వద్దని కాదు, వివరించి వాడాలి. ‘అఫర్డెన్స్’ అనే మాటనే చూడండి. ఒక వస్తువుతో ఒక మనిషి ఏమేం చేయగలడో చెప్పే మాట ఇది. దీన్ని సృష్టించింది సైకాలజిస్టు జేమ్స్ గిబ్సన్. 1988లో వచ్చిన తన పుస్తకంతో డాన్ నార్మన్ దీన్ని డిజైనర్లకు పరిచయం చేశారు. తర్వాత చాలామంది తెర మీద కనిపించే ప్రతి గుర్తునూ అఫర్డెన్స్ అనేశారు. దాంతో 2013 నాటి సవరించిన ముద్రణలో నార్మన్, ఎక్కడ నొక్కాలో, ఎటు తోయాలో తెలిపే గుర్తుకు ‘సిగ్నిఫైయర్’ అనే వేరే మాట వాడి, రెంటికీ తేడా వివరించాల్సి వచ్చింది. అర్థం తెలియకుండా వాడితే నిపుణుల మధ్య కూడా గందరగోళమే.

ఇలా మార్చండి

బస్టాండులో టికెట్ మిషన్ మీద ప్రాజెక్టు చేశారనుకుందాం. ‘యూజర్ సెంట్రిక్ అప్రోచ్‌ను లెవరేజ్ చేసి ఇంటర్‌ఫేస్‌ను ఆప్టిమైజ్ చేశాం’ అని రాస్తే ఏమీ తెలియదు. ‘12 మంది ప్రయాణికులను గమనించాం. భాష మార్చే బటన్ 7 మందికి కనిపించలేదు. దాన్ని మొదటి స్క్రీన్ మీదకు తెచ్చాం’ అంటే పని కళ్లకు కడుతుంది. పైగా అంకెలు, కారణం ఉన్నాయి కాబట్టి తేలిక భాషలో రాసినా విషయం పల్చబడలేదు. ఇంకో సంగతి... మొదటి వాక్యం పని చేయకపోయినా రాసేయొచ్చు, రెండోది రాయాలంటే పని చేసి ఉండాలి!

ఇవి పాటించండి

* సమస్య ఎవరిదో మొదటి పేరాలోనే చెప్పండి.
* ఎవరు ఏం చేశారో తెలిసేలా రాయండి. ‘విశ్లేషణ జరిగింది’ కంటే ‘మేం విశ్లేషించాం’ మేలు.
* సాంకేతిక పదం మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో వివరించండి. చివరిదాకా అదే పదం వాడండి.
* ఫలించని ప్రయత్నాలనూ రాయండి. ఎందుకు వదిలేశారో ఇంటర్వ్యూలో అడుగుతారు.
* వేరే బ్రాంచి స్నేహితుడికి మొదటి పేజీ ఇచ్చి, మీరేం చేశారో చెప్పమనండి. ఎక్కడ తడబడితే అక్కడ తిరగరాయండి.