ఊహకు కంచె

విత్తు నాటిన రైతు ముందుగా కంచె వేయును. పిమ్మటనే దారిన పోవువారికి పైరును చూపును. మనస్సున మొలచిన క్రొత్త ఊహకును అట్టి కంచె యొకటి కావలెను. లేనిచో దాని ఫలము నితరులనుభవింతురు.

అమెరికా దేశస్థుడగు రాబర్ట్ కెర్న్స్ అను ఇంజనీరు చరిత్రము దీనికి తార్కాణము. ఆ కాలపు కార్లలో ముందరి అద్దమును తుడుచు వైపర్లు విరామము లేక ఆడుచుండెడివి. సన్నని తుంపర పడునప్పుడు అవి పొడి అద్దముపై గీచుకొనుచు చూపునకు అడ్డు తగులుచుండెడివి. మన కనురెప్ప ఎడతెగక కొట్టుకొనదు. కొంత తడవున కొకమారు మూసి తెరచును. వైపరు మాత్రమేల అట్లు పనిచేయరాదని కెర్న్స్ యోచించి, ఆగి ఆగి తుడుచు వైపరును నిర్మించెను. 1964లో పేటెంటు కొరకు దరఖాస్తు చేసెను. దానిని ఫోర్డు కంపెనీ వారికి చూపెను. వారు ఆసక్తితో పరిశీలించిరి గాని ఒప్పందము కుదరలేదు. 1969లో ఫోర్డు కార్లలో అట్టి వైపర్లు వెలువడెను.

1978లో కెర్న్స్ వ్యాజ్యము వేసెను. ఇందలి విడిభాగములన్నియు అంగడిలో దొరకునవే గదా, క్రొత్తదనమేమని కంపెనీ వాదించెను. తెలిసిన వస్తువులను తెలియని రీతిని కూర్చుటయు నూతన కల్పనయే యని ఆయన వాదము. పేటెంటు హక్కునకు భంగము కలిగినదని 1990లో జూరీ నిర్ణయించెను. ఫోర్డు వారు 1 కోటి 2 లక్షల డాలర్లు చెల్లించుట కంగీకరించిరి. గెలుపు దక్కినది గాని, ఆ 12 ఏండ్లు తిరిగి రాలేదు, సంసారమును చెదరెను. అయినను పేటెంటు లేనిచో ఆ గెలుపునకును తావు లేదు.

నకళ్లు తీయు జిరాక్స్ పద్ధతిని కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ పేటెంటు పనిలో ఆరితేరినవాడు. 1937లోనే దరఖాస్తు దాఖలు చేసి, తరువాతనే కంపెనీల గడప త్రొక్కెను. ఇరువదికి మించిన సంస్థలు ఆయనను త్రిప్పి పంపినవి. తుదకు హాలాయిడ్ అను చిన్న కంపెనీ ముందుకు రాగా, 1959లో జిరాక్స్ 914 యంత్రము వెలువడినది. పలువురకు చూపినను ఆయన హక్కు చెక్కుచెదరలేదు.

మన దేశమున 1970 నాటి పేటెంటు చట్టము అమలునందున్నది. వట్టి ఊహకు గాని, కేవల వ్యాపార పద్ధతికి గాని పేటెంటు లభింపదు. అది పనిచేయు వస్తువుగనో, తయారు చేయు విధానముగనో రూపొందవలెను. క్రొత్తదై యుండవలెను. ముందే పత్రికలలో ప్రకటించినచో సాధారణముగా ఆ క్రొత్తదనము పోవును. పూర్తి వివరములు సిద్ధము కానిచో తాత్కాలిక వివరణముతో దరఖాస్తు పెట్టి, 12 మాసములలో పూర్తి వివరణము నీయవచ్చును. దరఖాస్తు తేదీ మొదలు 20 ఏండ్లు హక్కు నిలుచును. తమిళనాడు, కర్ణాటకము, యానాములలోని వారికి చెన్నైయందును, ఒడిశా వారికి కోల్‌కతాయందును, మహారాష్ట్రము వారికి ముంబైయందును కార్యాలయము కలదు.

ఇక పెద్ద కంపెనీని సమీపించు విధము. మొదట ఈ వస్తువు ఏ కష్టమును తొలగించునో, ఎంత ఖర్చు తగ్గించునో చెప్పవలెను. లోపలి మర్మమును చెప్పనక్కరలేదు. నమూనా యొకటి చేసి పనిచేయించి చూపుట పది పుటల వ్రాతకంటె మేలు. వివరములు కోరినచో రహస్యము కాపాడుదుమను ఒప్పందమును వ్రాతమూలకముగ కోరవలెను. పెద్ద సంస్థలు పెక్కు దీనికి సమ్మతింపవు. కావుననే దరఖాస్తు ముందు, దర్శనము తరువాత. జరిగిన ప్రతి సంభాషణమును తేదీతో వ్రాసికొని, ఉత్తరముల ప్రతులు దాచుకొనవలెను. హక్కును ఒక్కసారిగా అమ్మవచ్చును. లేదా అమ్మిన ప్రతి వస్తువునకింత అని ప్రతిఫలము పొందవచ్చును.

తల్లిదండ్రులకొక మనవి. పేటెంటు దరఖాస్తును ఇంగ్లీషునగాని హిందీలోగాని వ్రాయవలెను. ఊహ మాత్రము మాతృభాషలోనే పుట్టును. మన పిల్లలు తెలుగులో చక్కగా ఆలోచించుటయు, ఆ ఆలోచనను పరభాషలో తప్పులేక వ్రాయుటయు, రెండును నేర్వవలెను. మగ్గము నొద్దనో, పొలము గట్టుననో మీ బిడ్డ "ఇది ఇట్లేల చేయరాదు?" అని ప్రశ్నించిన నాడు నవ్వి త్రోసివేయకుడు. ఒక నోటు పుస్తకమిచ్చి, తేదీ వేసి వ్రాయుమనుడు. కంచెకు నాటవలసిన మొదటి గుంజ అదియే.